సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో ఊపిరితిత్తుల మార్పిడి: ఒక కఠిన నిర్ణయపు చరిత్ర

ప్రాణం నిలిపే చికిత్స ఒకటి ఉన్నదని తెలిసిన తరువాత దానిని కోరుకోవడానికి సంకోచమెందుకు అని మనకు తోచడం సహజం. మూత్రపిండాలు చెడినవారికి మార్పిడి సాధ్యమని చెప్పగానే ఆ కుటుంబాలు దాతల కొరకు వెదకడం నా ఉద్యోగకాలంలో ఎన్నో మార్లు చూశాను. ఊపిరితిత్తుల మార్పిడి విషయం వేరు. మూత్రపిండాలు విఫలమైతే డయాలిసిస్‌తో ఏళ్ళ తరబడి నెట్టుకురావచ్చు. ఊపిరితిత్తులకు అటువంటి ఆసరా లేదు. శస్త్రచికిత్స కఠినమైనది. కొత్త ఊపిరితిత్తులు ఎంతకాలం మన్నుతాయో ముందుగా ఎవరూ చెప్పలేరు. కనుక ‘చేయించుకోవాలా, వద్దా? చేయించుకొంటే ఎప్పుడు?’ అన్న ప్రశ్న రోగిని, కుటుంబాన్ని, వైద్యులను కూడా వేధిస్తుంది.

ఈ ప్రశ్న మిగిలిన వ్యాధులలో కంటె సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో మరింత తీవ్రంగా ఎదురయింది. కారణం, ఆ రోగులలో చాలామంది ఇరవై, ముప్పై ఏళ్ళ వయసువారు. చదువు, ఉద్యోగం, వివాహం గురించి ఆలోచించవలసిన వయసులో వారు ఈ లెక్క వేసుకోవలసి వచ్చింది. గత నలభై ఏళ్ళలో ఈ లెక్క ఎలా మారుతూ వచ్చిందో మీకు వివరించడమే ఈ వ్యాస ఉద్దేశం.

వ్యాధి స్వరూపం

ముద్దు పెట్టుకొన్నప్పుడు నుదురు ఉప్పగా తగిలిన బిడ్డ ఎక్కువకాలం బ్రతకదని ఉత్తర ఐరోపా జానపదులలో పూర్వం ఒక నమ్మకం ఉండేది. ఆ ఉప్పదనానికి అర్థం వైద్యశాస్త్రానికి చాలా ఆలస్యంగా తెలిసింది. 1938లో న్యూయార్క్‌లోని బేబీస్ హాస్పిటల్‌లో పెథాలజిస్టుగా ఉన్న డొరొతీ ఆండర్సన్, పోషణలోపంతో మరణించిన శిశువుల క్లోమాలను పరీక్షించి, వాటిలో తిత్తులు, పీచువంటి కణజాలం ఏర్పడి ఉండడం చూసి దీనిని ఒక ప్రత్యేక వ్యాధిగా వర్ణించారు. వ్యాధి పేరు అక్కడినుండే వచ్చింది. 1948 వేసవిలో న్యూయార్క్‌లో ఎండలు మండిపోయినప్పుడు వడదెబ్బతో చేరిన పిల్లలలో ఈ వ్యాధి ఉన్నవారు ఎక్కువగా కనిపించారు. దానిని గమనించిన పాల్ డి సాంటాగ్నీస్ పరిశోధన సాగించి, వీరి చెమటలో ఉప్పు అధికమని 1953లో నిరూపించారు. నేటికీ వ్యాధి నిర్ధారణకు చెమట పరీక్షే మూలాధారం.

లోపం ఏడవ క్రోమోసోములోని ఒక జన్యువులో ఉన్నది. 1989లో ల్యాప్-చీ సూయి, జాన్ రియార్డన్, ఫ్రాన్సిస్ కాలిన్స్ బృందాలు ఆ జన్యువును కనుగొన్నాయి. కణాల పొరలలో క్లోరైడును అటూ ఇటూ పంపే ద్వారాన్ని తయారు చేయడం ఆ జన్యువు పని. తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి, రెండు ప్రతులూ చెడినవైతేనే బిడ్డకు వ్యాధి వస్తుంది. ద్వారం సరిగా పనిచేయకపోవడం వలన శరీరంలోని స్రావాలు చిక్కబడతాయి. క్లోమరసం పేగులను చేరక తిన్నది ఒంటబట్టదు. శ్వాసనాళాలలో కఫం జిగురులా పేరుకొని, అందులో సూక్ష్మజీవులు స్థిరనివాసం ఏర్పరచుకొంటాయి. ఏళ్ళు గడిచేకొద్దీ ఊపిరితిత్తులు పుండుపడి, మచ్చపడి, పనికిరాకుండా పోతాయి. ఈ వ్యాధిలో అత్యధిక మరణాలకు కారణం ఇదే.

మార్పిడి శస్త్రచికిత్స పుట్టుక

మొదటి ఊపిరితిత్తి మార్పిడి 1963 జూన్ 11న అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యశాలలో జరిగింది. చేసినవారు జేమ్స్ హార్డీ. గ్రహీత ఊపిరితిత్తి క్యాన్సరు ఉన్న ఒక యావజ్జీవ ఖైదీ. ఆయన 18 రోజులు జీవించి, మూత్రపిండాలు విఫలమై మరణించారు. తరువాతి పదిహేనేళ్ళలో వివిధ దేశాలలో జరిగిన సుమారు 40 ప్రయత్నాలలో ఒక్కరు కూడా ఏడాది పూర్తిచేయలేదు. కొత్త ఊపిరితిత్తిని శరీరం తిరస్కరించేది, లేదా శ్వాసనాళాన్ని కుట్టినచోట అతుకు విడిపోయేది.

రెండు విషయాలు ఈ స్థితిని మార్చాయి. మొదటిది, ఒక శిలీంధ్రం నుండి లభించిన సైక్లోస్పోరిన్ అనే మందు. అది శరీరపు తిరస్కరణను అణచింది. రెండవది, ఎక్కువ మోతాదులో వాడే స్టీరాయిడ్లు అతుకు మానకుండా అడ్డుపడుతున్నాయని టొరంటోలో జోయెల్ కూపర్ బృందం గ్రహించడం. వారు ఆ మోతాదు తగ్గించి, పేగులపై కప్పి ఉండే కొవ్వుపొరను పైకి తెచ్చి అతుకు చుట్టూ చుట్టారు. 1981లో స్టాన్‌ఫర్డ్‌లో బ్రూస్ రైట్జ్, నార్మన్ షమ్వే గుండెను, ఊపిరితిత్తులను కలిపి మార్చడంలో సఫలులయ్యారు. 1983లో కూపర్ ఒక ఊపిరితిత్తిని మాత్రమే మార్చి విజయం సాధించారు. ఆ రోగి ఆరేళ్ళకు పైగా జీవించారు.

అయితే సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగులకు ఒక ఊపిరితిత్తిని మారిస్తే చాలదు. మిగిలిన పాత ఊపిరితిత్తిలోని చీము, సూక్ష్మజీవులు కొత్తదానిని కూడా పాడుచేస్తాయి. రెండూ మార్చవలసిందే. రెండు ఊపిరితిత్తులను విడిగా మార్చే పద్ధతి స్థిరపడక ముందు, 1980 దశకం నడుమ, ఇంగ్లాండులోని హేర్‌ఫీల్డ్‌లో మగ్దీ యాకూబ్ వంటివారు ఈ రోగులకు గుండెను కూడా కలిపి మార్చేవారు. అప్పుడు రోగినుండి తీసిన గుండె చాలావరకు ఆరోగ్యంగానే ఉండేది. దానిని గుండె చెడిన మరొకరికి అమర్చేవారు. ఒక దాత వలన ఇద్దరు బ్రతికేవారు. ఊపిరితిత్తుల కొరకు ఎదురుచూసిన యువకుడే తన గుండెకు దాత అయ్యేవాడు!

1990 నాటికి రెండు ఊపిరితిత్తులను ఒకదాని తరువాత ఒకటిగా మార్చే పద్ధతి కుదురుకొన్నది. నేటికీ అదే ఆచరణలో ఉన్నది. 1993లో వాన్ స్టార్న్స్ లాస్ ఏంజెలెస్‌లో మరొక మార్గం చూపారు. సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్న 22 ఏళ్ళ యువతికి తల్లి ఊపిరితిత్తి నుండి ఒక తమ్మెను, తండ్రి ఊపిరితిత్తి నుండి మరొక తమ్మెను తీసి అమర్చారు. ఒకరిని రక్షించడానికి ఆరోగ్యవంతులైన ఇద్దరిని శస్త్రచికిత్స బల్ల ఎక్కించవలసి రావడంతో నిర్ణయభారం ఇల్లంతటికీ పాకింది. మరణించిన దాతల ఊపిరితిత్తుల పంపకం మెరుగుపడిన తరువాత పాశ్చాత్య దేశాలలో ఈ పద్ధతి దాదాపు కనుమరుగయింది.

ముప్పై శాతం గీత

శస్త్రచికిత్స సాధ్యమని తేలిన తరువాత అసలు ప్రశ్న మొదలయింది. ఎవరికి చేయాలి? ఎప్పుడు చేయాలి?

నిండుగా గాలి పీల్చి బలంగా ఊదినప్పుడు మొదటి సెకనులో ఎంత గాలి బయటకు వస్తుందో కొలిచే పరీక్ష ఉన్నది. దానిని ఎఫ్‌ఇవి-1 అంటారు. అదే వయసు, ఎత్తు ఉన్న ఆరోగ్యవంతుల కొలతతో పోల్చి ఫలితాన్ని శాతంగా చెబుతారు. 1992లో టొరంటోలోని పిల్లల వైద్యశాలకు చెందిన ఐటాన్ కెరెమ్, ఆయన సహచరులు 673 మంది రోగుల వివరాలను పరిశీలించి ఒక నిర్ణయానికి వచ్చారు. ఈ కొలత 30 శాతానికి దిగువన ఉన్నవారిలో సగానికి పైగా రెండేళ్ళలో మరణిస్తున్నారన్నది దాని సారాంశం. అప్పట్లో దాత ఊపిరితిత్తుల కొరకు నిరీక్షణ కూడా ఇంచుమించు రెండేళ్ళు పట్టేది. రెండు లెక్కలూ సరిపోయాయి. కనుక ‘30 శాతానికి దిగితే జాబితాలో చేర్చండి’ అన్నది ఒక నియమంగా స్థిరపడింది.

అయితే 1998లో మిన్నెసోటాకు చెందిన కార్లోస్ మిల్లా, వారెన్ వార్విక్ తమ వద్ద 30 శాతానికి దిగువన ఉన్న 61 మంది రోగులను పరిశీలిస్తే, వారిలో సగం మంది దాదాపు నాలుగేళ్ళు జీవించినట్లు తేలింది. అంకె కంటె అది తరిగే వేగం ముఖ్యమని వారు చెప్పారు. మెట్టుమెట్టుగా అయిదేళ్ళలో 30కి చేరినవారు, ఒక్క ఏడాదిలో 55 నుండి 30కి జారినవారు ఒకటి కారు.

ఈ భేదం మీకు చిన్నదిగా తోచవచ్చు. దానిమీద ఆధారపడినవి జీవితాలు. పాత ఊపిరితిత్తులతో నాలుగేళ్ళు గడపగలిగినవానికి తొందరపడి రెండవ ఏటనే మార్పిడి చేస్తే, అతను సొంత ఊపిరితో గడపవలసిన రెండేళ్ళను కోల్పోయినట్లే. శస్త్రచికిత్సలోనే మరణిస్తే కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లవుతుంది. అలాగని ఆలస్యం చేస్తే శరీరం చిక్కి, మార్పిడిని తట్టుకొనే శక్తి కూడా మిగలదు. రెండు అంచుల నడుమ ఉన్న కొద్దిపాటి వ్యవధిలోనే ఈ నిర్ణయం చేయవలసి ఉంటుంది.

వరుసలో స్థానం

2005 వరకు అమెరికాలో ఊపిరితిత్తుల కేటాయింపు ముఖ్యంగా నిరీక్షణ కాలాన్ని బట్టి జరిగేది. ముందు పేరు రాయించుకొన్నవారికి ముందు. రేషను దుకాణం వద్ద వరుస వంటిది ఇది. దానివలన ఒక వింత పరిస్థితి ఏర్పడింది. ఇంకా బాగా తిరుగుతున్నవారు కూడా స్థానం పట్టుకోవడానికి ముందుగా పేరు రాయించేవారు. తీరా పిలుపు వచ్చినప్పుడు ‘ఇప్పుడే కాదు’ అనేవారు. మరోవైపు, వేగంగా దిగజారుతున్నవారు వరుస చివర నిలబడి మరణించేవారు.

2005 మే నెలలో ఈ పద్ధతి మారింది. పన్నెండేళ్ళు నిండినవారందరికీ 0 నుండి 100 వరకు ఒక అంకె లెక్కించడం ఆరంభమయింది. మార్పిడి లేకపోతే మరణించే ప్రమాదమెంత, మార్పిడి వలన కలిగే ప్రయోజనమెంత అన్న రెండింటిని కలిపి ఆ అంకె వచ్చేది. అంకె ఎక్కువైనవారికి ముందు దక్కేది. నిరీక్షణ ఏళ్ళనుండి నెలలకు తగ్గింది. ముందుగా పేరు రాయించవలసిన అవసరం పోయింది. కాని కొత్త చిక్కు వచ్చింది. బాగా జబ్బుపడితేగాని వంతు వచ్చేది కాదు. అంటే బలహీనపడిన శరీరంతోనే శస్త్రచికిత్సకు వెళ్ళవలసి వచ్చేది.

పన్నెండేళ్ళలోపు పిల్లలకు ఈ లెక్క వర్తించకపోవడం 2013లో పెద్ద వివాదమయింది. ఫిలడెల్ఫియాలో సిస్టిక్ ఫైబ్రోసిస్‌తో మృత్యువు అంచున ఉన్న పదేళ్ళ బాలిక తల్లిదండ్రులు న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. న్యాయమూర్తి ఉత్తర్వుతో ఆ బాలికను పెద్దల జాబితాలో చేర్చారు. మొదట అమర్చిన ఊపిరితిత్తులు పనిచేయలేదు. మూడు రోజులకే రెండవసారి అమర్చారు. బాలిక కోలుకొని ఇల్లు చేరింది. ఆ ఊపిరితిత్తులు ఈమెకు దక్కినందువలన మరెవరికి దక్కలేదన్న ప్రశ్నకు మాత్రం ఎవరి వద్దా జవాబు లేదు. దాతలు తక్కువగా ఉన్న ప్రతిచోటా ఈ ప్రశ్న ఉంటుంది.

2007 నాటి వివాదం

మార్పిడి వలన నిజంగా ఆయుష్షు పెరుగుతున్నదా? 1999లో లండన్ గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల వైద్యశాల వారు పెరుగుతున్నదని లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. 2007లో అమెరికాలో థియోడర్ లియూ బృందం ఇందుకు విరుద్ధమైన ఫలితాన్ని న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించింది. 1992 నుండి 2002 వరకు జాబితాలో ఉన్న 514 మంది పిల్లల వివరాలను వారు గణించారు. స్పష్టంగా లాభం పొందగలవారు అయిదుగురే అని, అత్యధికులకు నష్టమే ఎక్కువని వారి లెక్క తేల్చింది.

ఈ పత్రం వెలువడగానే వైద్యలోకంలో కలకలం రేగింది. జాబితాలో చేర్చిన నాటి ఆరోగ్యస్థితిని బట్టి లెక్కించారని, మార్పిడి నాటికి పిల్లల స్థితి ఎంతో దిగజారి ఉంటుందని విమర్శకులు ఆక్షేపించారు. పైగా ఆ వివరాలు పాత కేటాయింపు పద్ధతి నాటివి. ఆయుష్షును మాత్రమే కొలిచి, ఆ ఆయుష్షులో ఎంతకాలం ఆక్సిజన్ గొట్టం లేకుండా నడవగలిగారో కొలవలేదు. ఆ విమర్శలలో బలం ఉన్నది. అయినా ఆ పత్రం ఒక మేలు చేసింది. మార్పిడి అంటే మేలే అని అడగకుండానే నమ్మే అలవాటును అది కదిలించింది. ప్రతి రోగి విషయంలోనూ ‘ఇతనికి ఇప్పుడు లాభమా?’ అని వేరుగా అడగవలసిన అవసరాన్ని గుర్తుచేసింది.

కొందరికి మూసుకొన్న తలుపులు

నిర్ణయం అందరి చేతిలోనూ ఉండదు. 1950లో అమెరికా వృక్షరోగ శాస్త్రజ్ఞుడు బర్కోల్డర్ ఉల్లిగడ్డలను కుళ్ళబెట్టే ఒక సూక్ష్మజీవిని వర్ణించారు. ఆ కుటుంబానికే చెందిన బర్కోల్డేరియా సెనోసెపేషియా సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగుల పాలిట శాపమయింది. అది రోగినుండి రోగికి సోకుతుందని తేలడంతో 1990 దశకంలో ఈ పిల్లలు కలిసి ఆడుకొనే వేసవి శిబిరాలు మూతపడ్డాయి. ఒకే బాధ ఎరిగిన ఇద్దరు దగ్గరగా కూర్చోవడం కూడా నిషిద్ధమయింది. ఈ సూక్ష్మజీవి ఉన్నవారికి మార్పిడి తరువాత మరణాలు బాగా ఎక్కువ కావడంతో అనేక కేంద్రాలు వారిని తీసుకోవు. కొద్ది కేంద్రాలు మాత్రం తీసుకొంటాయి. ఇక్కడ మీరు గమనించవలసినది ఒకటి ఉన్నది. ఒక కేంద్రం ‘కాదు’ అన్నంత మాత్రాన అన్ని కేంద్రాలూ కాదన్నట్లు కాదు. రెండవ అభిప్రాయం కోరడం రోగి హక్కు.

ఒకే వ్యాధి, వేర్వేరు బాటలు

అంకెలు నిర్ణయానికి ఆధారమే గాని, నిర్ణయం కాదు. ఇద్దరు కవల సోదరీమణుల ఉదాహరణ చూడండి. ఆనా స్టెంజెల్, ఈసా స్టెంజెల్ 1972లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టారు. ఇద్దరిదీ ఒకే జన్యుపటం, ఒకే వ్యాధి. ఆనాకు 2000లో మార్పిడి జరిగింది. ఈసాకు 2004లో జరిగింది. ఆనాకు అమర్చిన ఊపిరితిత్తులను శరీరం క్రమంగా తిరస్కరించడంతో 2007లో రెండవసారి మార్చారు. ఆమె 2013లో పేగు క్యాన్సరుతో మరణించారు. మొదటి మార్పిడి తరువాత ఆమెకు దక్కినవి పదమూడేళ్ళు. ఆ కాలంలో అక్కచెల్లెళ్ళు కలిసి తమ జీవితాన్ని గ్రంథస్థం చేశారు, అవయవదానం గురించి ప్రచారం చేశారు. ఒకే జన్యువులు, ఒకే ఇల్లు ఉన్నవారికే వేళలు, ఫలితాలు ఇంతగా భేదించినప్పుడు, ఇతరులను చూసి నిర్ణయించుకోవడం ఎంత ప్రమాదమో ఊహించండి.

కాలిఫోర్నియాకు చెందిన క్లేర్ వైన్‌లాండ్ కథ మరొక తీరు. తన వ్యాధిని గురించి దాపరికం లేకుండా, నవ్వుతూ మాట్లాడి లక్షలాది మంది అభిమానం పొందిన యువతి ఆమె. మార్పిడి తనకు వద్దని చాలాకాలం బహిరంగంగానే చెప్పారు. 2018లో ఆరోగ్యం బాగా క్షీణించిన తరువాత మనసు మార్చుకొన్నారు. ఆగస్టు 26న శస్త్రచికిత్స జరిగింది. రక్తపుగడ్డ వలన పక్షవాతం వచ్చి, సెప్టెంబరు 2న, 21 ఏళ్ళ వయసులో మరణించారు. ఆమె మూత్రపిండాలు మరి ఇద్దరికి అమర్చారు.

ఆమె ముందు వద్దనుకోవడం తప్పా? తరువాత కావాలనుకోవడం తప్పా? నా అభిప్రాయంలో రెండూ తప్పు కాదు. ఫలితాన్ని బట్టి నిర్ణయాన్ని తూచరాదు. నిర్ణయించుకొన్న నాడు అన్ని విషయాలూ తెలిసి, ఎవరి ఒత్తిడీ లేకుండా, తనకు ఏది ముఖ్యమో ఎరిగి నిర్ణయించుకొన్నారా అన్నదే కొలబద్ద. మార్పిడి వద్దని, ఉన్న కాలాన్ని ఇంటివద్ద, ఆయాసాన్ని తగ్గించే ఉపశమన చికిత్సతో గడపదలచినవారు ఓడిపోయినవారు కారు. మనసు మార్చుకొన్నవారు పిరికివారు కారు.

2019 తరువాత

లోపించిన క్లోరైడు ద్వారాన్నే సరిచేసే మందులు 2012 నుండి రాసాగాయి. మొదటిది ఐవకాఫ్టర్. అది నూటికి నలుగురైదుగురికి మాత్రమే పనికివచ్చేది. 2019 అక్టోబరులో అమెరికాలో అనుమతి పొందిన మూడు మందుల కలయిక ట్రైకాఫ్టా, అక్కడి రోగులలో నూటికి సుమారు తొంభైమందికి ఉపయోగపడుతుంది. ఫ్రాన్స్‌లో వ్యాధి బాగా ముదిరిన 245 మందికి ఈ మందు ఇచ్చి, ఫలితాలను 2021లో ప్రకటించారు. వారి ఎఫ్‌ఇవి-1 సగటున 15 శాతం మేర పైకి లేచింది. మందు ఆరంభించేనాటికి 16 మంది మార్పిడి జాబితాలో ఉన్నారు, మరో 37 మందిని చేర్చే ఆలోచన జరుగుతున్నది. కొద్ది నెలల తరువాత చూస్తే ఇద్దరికి మార్పిడి జరిగింది, ఒకరు మరణించారు, అయిదుగురు మాత్రమే ఇంకా మార్పిడి దారిలో ఉన్నారు. మిగిలినవారికి ఆ అవసరం తాత్కాలికంగానైనా తొలగింది. అమెరికాలోనూ ఈ వ్యాధికి ఏటా 200కు పైగా జరిగే మార్పిడులు వందలోపుకు పడిపోయాయి.

2018లో సరియైన నిర్ణయం 2020లో సరియైనది కాకపోవచ్చునని దీనివలన తెలుస్తున్నది. అయితే ఈ మందు పనిచేయని జన్యులోపాలు ఉన్నవారికి, మందు అందనివారికి, మందు అందేలోపే ఊపిరితిత్తులు పూర్తిగా చెడినవారికి పాత ప్రశ్న పాతదిగానే మిగిలి ఉన్నది.

మన సంగతి

మన దేశంలో ఈ వ్యాధిని గురించి 1968 నాటికే చండీగఢ్ నుండి పత్రం వెలువడింది. బ్రిటన్, అమెరికాలలోని భారతీయ సంతతి పిల్లలను బట్టి చూస్తే, పదివేల నుండి నలభైవేల మందిలో ఒకరికి ఈ వ్యాధి ఉండవచ్చునని అంచనా. మాటిమాటికీ న్యుమోనియా, ఎదుగుదల లేకపోవడం, జిడ్డు విరేచనాలు ఉన్న పిల్లలకు క్షయ అనో, ఉబ్బసమనో, పోషణలోపమనో పేరుపెట్టి సరిపుచ్చడం మనవద్ద తరచు జరుగుతుంది. రెండు చెడు ప్రతులు కలిస్తేనే వచ్చే వ్యాధి కనుక మేనరికపు వివాహాలలో దీని అవకాశం పెరుగుతుంది. బిడ్డ చెమట ఎండి చర్మంపై ఉప్పు తేలుతున్నదని తల్లి చెబితే వైద్యులు తేలికగా తీసుకోరాదు.

విదేశాలలో ఉన్న తెలుగు కుటుంబాలకు ఒక మాట. అక్కడ అనేక దేశాలలో శిశువులకు పుట్టగానే ఈ పరీక్ష చేస్తారు. కాని ఆ పరీక్షలలోని జన్యులోపాల పట్టికలు ఎక్కువగా ఐరోపా ప్రజలను బట్టి కూర్చినవి. దక్షిణాసియా వారిలో ఉండే లోపాలు కొన్ని ఆ వలలో చిక్కవు. పరీక్షలో లేదన్నా లక్షణాలు ఉంటే చెమట పరీక్ష కోరండి. ఇదే కారణం వలన కొత్త మందులు కూడా మనవారిలో కొంత తక్కువమందికి పనికివస్తాయి. పైగా ఆ మందు ధర అమెరికాలో విడుదలనాడే ఏడాదికి మూడు లక్షల డాలర్లకు పైగా ఉన్నది. మన కుటుంబాలకు అది అందని మాని పండు.

చెన్నై, హైదరాబాదు వంటి నగరాలలో ఊపిరితిత్తుల మార్పిడి జరుగుతున్నది. తెలుగునాట మరణించిన దాతల అవయవాల పంపకాన్ని జీవన్‌దాన్ పథకం చూస్తున్నది. కనుక ఈ చరిత్ర మనకు పరాయిది కాదు. ఇతర ఊపిరితిత్తుల వ్యాధులు ముదిరినవారికి కూడా ఈ పాఠాలు వర్తిస్తాయి.

నిర్ణయానికి ముందు తెలుసుకోవలసినవి

మార్పిడి వ్యాధిని నయం చేయదు. కొత్త ఊపిరితిత్తులలో లోపం ఉండదు గాని క్లోమం, పేగులు, ముక్కు చుట్టూ ఉండే గాలిగదులు పాతవే. శరీర రక్షణ శక్తిని అణచే మందులు జీవితాంతం వేళ తప్పకుండా వాడాలి. వాటివలన మూత్రపిండాలు దెబ్బతినవచ్చు, మధుమేహం రావచ్చు, అంటువ్యాధులు, కొన్ని క్యాన్సర్లు పెరుగుతాయి. మనవంటి దేశంలో క్షయ భయం అదనం. మార్పిడి పొందినవారిలో నూటికి 85 నుండి 90 మంది మొదటి ఏడాది దాటుతారు. అయిదేళ్ళలో ఇంచుమించు సగం మందికి దీర్ఘకాలిక తిరస్కరణ ఆరంభమవుతుంది. సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్న పెద్దవారిలో సగం మంది సుమారు పదేళ్ళు జీవిస్తున్నారు. మెట్లు ఎక్కలేని మనిషికి ఆ పదేళ్ళలో కొండ ఎక్కే శక్తి రావచ్చు. రాకపోవచ్చు కూడా.

అమెరికా సిస్టిక్ ఫైబ్రోసిస్ ఫౌండేషన్ 2019లో ఇచ్చిన సూచనలలో ఒక వివేకమున్నది. ఎఫ్‌ఇవి-1 50 శాతానికి దిగినప్పుడే మార్పిడి గురించి మాట్లాడడం మొదలుపెట్టాలి. 50కి దిగువన ఉండి వేగంగా తరుగుతుంటే, లేదా 40కి దిగువన ఉండి ఇతర ప్రమాద సూచనలు ఉంటే మార్పిడి కేంద్రానికి పంపాలి. 30కి దిగితే ఇక ఆగరాదు. ‘పంపడం’ అంటే ‘ఒప్పుకోవడం’ కాదని గ్రహించండి. కేంద్రానికి వెళ్ళి పరీక్షలు చేయించుకొని, అక్కడివారితో మాట్లాడి, ‘ఇప్పుడు వద్దు’ అని తిరిగి రావచ్చు. అసలు వెళ్ళనివారికి మాత్రం ఆ ఎంపిక కూడా ఉండదు.

కనుక మీ ఇంటిలో ఇటువంటి రోగి ఉంటే ఊపిరి ఆడుతున్న రోజులలోనే ఈ విషయం మాట్లాడండి. వైద్యులను ఇవి అడగండి. ఏడాదిగా కొలత ఎంత తరిగింది? మావారి జన్యులోపానికి మందు ఉన్నదా? మీ కేంద్రంలో ఈ వ్యాధికి ఎన్ని మార్పిడులు చేశారు, వారిలో ఎంతమంది జీవించి ఉన్నారు? దాత దొరికిన కొద్ది గంటలలోనే అమర్చాలి కనుక మేము ఎంత దూరంలో ఉండాలి? తరువాత నెలనెలా మందుల ఖర్చు ఎంత? మార్పిడి వద్దనుకొంటే ఆయాసానికి మీరు ఏమి చేయగలరు? చివరగా, మిగిలిన కాలాన్ని ఎలా గడపాలని ఉన్నదో రోగిని అడగండి. మన ఇళ్ళలో తండ్రో, అన్నో, మేనమామో మాట్లాడేస్తారు. రోగి గోడవైపు తిరిగి పడుకొంటాడు. ఊపిరి అతనిది. చివరి మాట కూడా అతనిదే కావాలి.

(ఈ వ్యాసం ప్రజల అవగాహన కొరకు వ్రాసినది. వ్యాధి నిర్ధారణకు, చికిత్సకు మీ వైద్యులను సంప్రదించండి.)